బంగారమ్మ కాపలా కాసిన మట్టి

బంగారమ్మకి ఉన్నది ఒకటే రోగం. బీపీ కాదు, షుగరూ కాదు. తోడికోడలు శ్రీవాణి. ఆవిడ గొంతు వినపడితే చాలు, బంగారమ్మకి కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టు ఉండేది. పోనీ శ్రీవాణి గయ్యాళా అంటే అదీ కాదు. నోరు తెరిస్తే "అక్కయ్యగారూ" తప్ప ఇంకో మాట రాదు. అదే వచ్చిన చిక్కు. నాలుగు దులిపి ఊరుకుందామంటే సందు ఇవ్వని మనిషితో ఎవరు మాత్రం వేగుతారు చెప్పండి!

ఇదంతా మామిడికుదురు దగ్గర, కాలవ వారనున్న రెండు చేల దగ్గర మొదలైంది. ఒకటి ఎగువ చేను, ఒకటి దిగువ చేను. కాలవ నీళ్ళు ముందు ఎగువ చేలోకి వస్తాయి. అక్కడ నిండాక గట్టుకి కొట్టిన మడవలోంచి దిగువ చేలోకి దిగుతాయి. బంగారమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో ఎగువ చేను ఉత్త నాసినేల. నాగలి దిగితే పెళ్ళలు పెళ్ళలుగా లేచేది. ఆవిడ మొగుడు వీరన్న నిదానం మనిషి. నేల ఎలా ఉంటే అలాగే పండుతుందిలే అనే రకం. బంగారమ్మ అలా ఊరుకునే మనిషా! ఏటా వేసవిలో చెరువు ఎండితే చాలు, అడుగున ఉన్న ఒండ్రుమట్టి బండి మీద తోలించేది. బండి దొరక్కపోతే తట్ట నెత్తిన పెట్టుకుని తనే మోసేది. కోతలవగానే పిల్లిపెసర చల్లించి, ఎదిగాక ఎరువుగా దున్నించేసేది. అలా చెయ్యగా చెయ్యగా ఆ నేల నల్లగా, మెత్తగా, పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేలా తయారైంది. చేతిలోకి తీసుకుని వాసన చూసి మురిసిపోయేది బంగారమ్మ.

అప్పటికి పంపకాలు కాలేదు. అంతా ఉమ్మడే. ఆ తరవాత మరిది దుర్గాశ్రీనివాస్‌కి పెళ్ళయింది, అతను కువైట్ వెళ్ళాడు, వేరుపడదామన్న మాట వచ్చింది. ఆ వైపు పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు వాటాలు చేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. చిన్నవాడు కువైట్‌లో ఉన్నాడు కాబట్టి అతని తరఫున శ్రీవాణి కోరుకోవాలి. బంగారమ్మ బుర్రకి పదును పెట్టింది. "ఆ పిల్లది అమలాపురం టౌను. బురదలో కాలు పెట్టదు. దిగువ చేనుకి కొబ్బరిచెట్లన్నీ కలిపి పెట్టండి. కాయలకి అంబాజీపేట లారీ గుమ్మంలోకి వస్తదంటే ఎగిరి గంతేసి అదే కోరుకుంటది," అని మొగుడి చెవిలో నూరిపోసింది. వీరన్న సరేనన్నాడు. ఏ మాటకి ఆయన సరేననలేదు గనక!

పెద్దమనుషులు చేలగట్టు మీదికి వచ్చారు. శ్రీవాణి తల మీద కొంగు సర్దుకుంది. దిగువ చేను వంక చూసింది, కొబ్బరిచెట్ల వంక చూసింది, బంగారమ్మ వంక ఒక్కసారి చూసింది.

"మాకు ఎగువ చేనండి బావగారూ," అంది.

బంగారమ్మకి కాళ్ళ కింద గట్టు కదిలినట్టయింది. తన చేత్తో వాటా వేయించి, తన చేత్తో పెంచిన నేలని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టయింది కదా! ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది. "పోనీలేవే, చెట్లు మనకొచ్చేయి కదా," అన్నాడాయన. ఆ పూట ఆయనకి కూర వడ్డించలేదు.

అక్కణ్ణుంచి శ్రీవాణి ఏం చేసినా బంగారమ్మకి ఒళ్ళు మంటే. చేలగట్టుకి ఎదురుగా మేడ కట్టించింది, మంట. మేడ మీద కుర్చీ వేసుకుని సాయంత్రం పూట కాఫీ తాగుతుంది, మంట. పండక్కి పట్టుచీర కడుతుంది, బంగారమ్మ అంచు నుంచి కొంగు దాకా చూపు తిప్పి, మూతి పక్కకి తిప్పుకుని వెళ్ళిపోతుంది. వీటన్నిటి కన్నా పెద్ద మంట ఎగువ చేను. కూలివాళ్ళ చేత ఏదో అయిందనిపించి సాగు చేయిస్తోంది కదా, ఆవిడకి దాని విలువ ఏం తెలుసు? ఆ మట్టి నాది, నాది అని బంగారమ్మ లోపల్లోపల కొట్టుకునేది. ఎలాగైనా ఒకనాటికి అది మళ్ళీ తన చేతికి రావాలి. ఆవిడ బతుకులో ఇంకో కోరిక లేదు.

అలాంటి సమయంలో గ్యాసు కోసం బావి తవ్వే కంపెనీ వాళ్ళు వచ్చారు. వాళ్ళకి ఎగువ చేను నచ్చింది. శ్రీవాణి లీజుకి ఇచ్చేసింది.

"పచ్చటి చేను ఇనప గొట్టాలకి ఇస్తావటే? మనసెలా ఒప్పిందే నీకు?" అని ఇంటి మీదికి వెళ్ళింది బంగారమ్మ.

"చేయించే మగదిక్కు లేదు కదండీ అక్కయ్యగారూ. పనైపోయాక మళ్ళీ చేనుగా చేసి ఇచ్చేస్తారంటండి. కాఫీ తాగి వెళ్ళండి," అంది శ్రీవాణి.

కాఫీ తాగలేదు. కోపంతో తాగకుండా వచ్చేసి, దారిలో తలనొప్పి తెచ్చుకుంది.

మట్టి పని చూడ్డానికి వచ్చినాయన పేరు జయప్రకాష్. రావులపాలెం వాడే గానీ, చాలాకాలం బొగ్గుగనుల్లో పని చేసి వచ్చాడు. భూమి పైనుంచి తవ్వే గనుల్లో ముందు పైమట్టి తీసి విడిగా దాస్తారట. బొగ్గు అయిపోయాక గొయ్యి పూడ్చి, ఆ పైమట్టి మళ్ళీ పరిచి, మొక్కలు పెంచుతారట. ఇక్కడా అదే పద్ధతి పెట్టాడు. బుల్డోజరు వచ్చి ఎగువ చేను మీది నల్లమట్టిని పాల మీద మీగడ తీసినట్టు తీసింది. కింద బూడిదరంగు బంకమట్టి, ఉత్త ఉప్పుబంక బయటపడింది. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్ళలో అడుగున అంతే ఉంటుంది. దాని మీద గ్రావెల్ పోసి యంత్రం నిలబెట్టారు. నల్లమట్టిని మటుకు దిగువ చేనుకి ఆనుకుని, పొడుగ్గా, మనిషి ఎత్తు దాటకుండా దిబ్బ పోశారు.

బంగారమ్మ గట్టు మీద నిలబడి అదంతా చూసింది. తన ఒంటి మీద చర్మం తీస్తున్నట్టే ఉంది ఆవిడకి.

"ఇంకా ఎత్తుగా పోసెయ్యొచ్చు కదండీ, చోటు కలిసొచ్చేది," అన్నాడు వీరన్న ఊసుపోక.

"పొయ్యకూడదండి. లోపల గాలాడక మట్టి చచ్చిపోద్ది," అన్నాడు జయప్రకాష్. "దీని మీద జీలుగా పిల్లిపెసరా చల్లి, వానకి కొట్టుకుపోకుండా, మేకలెక్కకుండా చూసే మనిషి కావాలండి. రోజుకూలి ఇస్తాం. ఎవరన్నా ఉంటే చెబుదురూ."

వీరన్న నోరు తెరిచేలోపలే బంగారమ్మ ముందుకు వచ్చింది. "నేను చూస్తానండి."

"ఆయ్, మీరైతే మంచిదేనండి. పక్క చేనే కదా."

అలా తన మట్టికి తనే కూలికి కాపలా అయింది బంగారమ్మ. జీలుగ చల్లింది. మొలక పలచగా వచ్చిన చోట మళ్ళీ చల్లింది. మేకల్ని తోలింది, మేకలవాళ్ళనీ తోలింది. కష్టపడి చేసిందా అంటే చేసింది. కానీ కలుపు తీస్తున్నంతసేపూ ఒకటే పాట. దీన్ని నేను పెంచాలి, పెంచి దానికి అప్పజెప్పాలి. మేడ మీద అది కాఫీ తాగుతుంటే నేను కింద దాని మట్టికి గడ్డి పీకాలి. ఏం రాతరా భగవంతుడా!

ఒకరోజు సాయంత్రం పని ముగించుకుని వెళ్తూ వెళ్తూ, ఎవరూ చూడకుండా తట్టెడు నల్లమట్టి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. దిగువ చేలో అవతలి గట్టు వారన పోసింది. చేత్తో సర్దింది. ఎంత హాయిగా ఉందని! ఎన్నో ఏళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగినట్టుంది. మర్నాడు మళ్ళీ తట్టెడు. ఆ మర్నాడూ అంతే.

"ఏవిటే అది?" అన్నాడు వీరన్న.

"మల్లెమొక్కకి."

"మన చేలో మల్లెమొక్కేదే?"

"వేస్తాను లెండి. మీకెందుకు?"

వీరన్న పెళ్ళాం మొహంలోకి చూసి ఊరుకున్నాడు. ఇంక ఏ రోజూ అడగలేదు. రోజులు గడిచాయి, వానాకాలాలు గడిచాయి. పక్కన యంత్రం హోరుమంటూనే ఉంది. సాయంత్రమయితే తట్ట కదులుతూనే ఉంది.

అంతలో ఊళ్ళో ఒక మాట పుట్టింది. గ్యాసు గట్టిగా పడితే శ్రీవాణిగారికి ఇంక తిరుగు లేదు, కంపెనీ ఆ చేను శాశ్వతంగా ఉంచేసుకుంటుంది, ఆవిడ కాలు మీద కాలు వేసుకుని బతికేస్తుంది అని. బంగారమ్మకి అన్నం దిగలేదు. ఆ వారమే శ్రీవాణి కారు మాట్లాడుకుని, "వాడపల్లి గుడికి వెళ్దాం రండి అక్కయ్యగారూ. ఏడు శనివారాలు మొక్కుకున్నాను, తోడుంటారు," అని పిలిచింది. బంగారమ్మ వెళ్ళింది. శ్రీవాణి కళ్ళు మూసుకుని ఏం మొక్కుకుందో తెలియదు గానీ, బంగారమ్మ మాత్రం ప్రతి ప్రదక్షిణకీ, "స్వామీ, ఆ బావిలో గ్యాసు పడకూడదు. ఒక్క బుడగ కూడా రాకూడదు," అని మొక్కింది. తోడికోడలి కారులో వెళ్ళి, తోడికోడలు కొనిచ్చిన కొబ్బరికాయే కొట్టి మరీ మొక్కింది.

స్వామి విన్నాడు. బావి ఎండుబావి అని తేలింది. యంత్రం విప్పుకుని కంపెనీ వాళ్ళు వెళ్ళిపోతున్నారని తెలిసిన రోజు బంగారమ్మ ఇంట్లో పరమాన్నం వండింది. "ఏంటి విశేషం?" అంటే చెప్పలేదు. రెండోసారి వడ్డిస్తూంటే వీరన్న తాపీగా అన్నాడు, "అయితే ఇంకేం, మట్టి పరిచేసి చేను శ్రీవాణికి అప్పజెప్పేస్తారు."

బంగారమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అంత మొక్కు మొక్కింది గానీ ఆ సంగతే తోచలేదు ఆవిడకి. గ్యాసు పడి ఉంటే దిబ్బ అలాగే తన పక్కన ఉండేది. పడకపోబట్టి తను పెంచిన మట్టి పెంచినట్టే వెళ్ళి శ్రీవాణి ఒళ్ళో పడుతోంది. తన మొక్కు శ్రీవాణికి ఫలించింది!

గ్రావెల్ ఎత్తేశారు. అణిగిపోయిన అడుగునేలని ఇనప కొక్కేలతో చీల్చారు. జయప్రకాష్ కాలవ వైపు నుంచి పైమట్టి పరిపించుకుంటూ వచ్చాడు. అంతా బాగానే వచ్చింది గానీ, మడవ దగ్గరి మూలకి వచ్చేసరికి మట్టి అయిపోయింది. ఆ మూల ఉప్పుబంక తేలి అలాగే ఉండిపోయింది.

"సరిపోవాలే మరి," అని తల గోక్కున్నాడు జయప్రకాష్. "వానలకి కొంత కొట్టుకుపోయి ఉంటదండి. మీ తప్పేం లేదు లెండి, మీరు జీలుగ బాగానే పెంచేరు."

"ఆయ్," అంది బంగారమ్మ నేల చూపులు చూస్తూ. ఆ మూలని ఉన్నదాంతోనే చదును చేసి, దండం పెట్టి వెళ్ళిపోయాడాయన.

సార్వా పంటకి కాలవ వదిలారు. రెండు చేలలోనూ వరి ఊడ్చారు. ఆ మూల తప్ప ఎగువ చేను కళకళలాడుతూ పచ్చబడింది. దిగువ చేలో మడవ మొదట ఉన్న ఊడుపు మాత్రం కొసలు ఎర్రబడి, మాడి, వాలిపోయింది. రోజురోజుకీ మాడు లోపలికి పాకుతోంది. వీరన్న వంగి, మడవలో నీళ్ళు వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పే. ఆ మూల ఉప్పుబంక మీద నిలిచి మన చేలోకి దిగుతున్నాయి నీళ్ళు," అన్నాడు. వేలు పంచెకి తుడుచుకుని, "ఆ మూల పైమట్టి ఉంటే అడుగు ఉప్పు ఇలా తేలేది కాదు," అన్నాడు. లేచి నిలబడి, "తట్ట ఎక్కడ పెట్టేవే?" అన్నాడు. ఆ మనిషి కోప్పడ్డా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే బంగారమ్మ అవతలి గట్టు వారనున్న నల్లమట్టి తవ్వి, తట్టకెత్తుకుని, తన చేను దాటి, గట్టెక్కి, తోడికోడలి చేలో మూలని పోసింది. తీసుకెళ్ళేటప్పుడు దూదిలా ఉన్న తట్ట ఇప్పుడు మెడ విరిచేస్తోంది. దించి, నడుం పట్టుకుని లేచేసరికి ఎదురుగా శ్రీవాణి. నైటీ మీద తువ్వాలు వేసుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"తీసుకెళ్ళేటప్పుడు సాయంత్రాలు, తెచ్చేటప్పుడు పొద్దుటి పూటాండీ అక్కయ్యగారూ?" అంది.

బంగారమ్మ తట్టని వెనక్కి లాక్కుంది. "నీకు... తెలుసా?"

"మొదట్నుంచీనండి. మేడ మీంచి అంతా కనపడద్ది."

తప్పు దొరికిపోయిన మనిషికి సిగ్గు రావాలి. బంగారమ్మకి కోపం వచ్చింది. "తెలిసీ నోరు మూసుక్కూర్చున్నావా? అడగొచ్చు కదే! పదిమందిలో పెట్టి కడిగెయ్యొచ్చు కదే! నీ గొప్పతనం చూపించడానికా?"

"గొప్పతనం కాదండి. అడిగితే మీరు మానేసేవారు."

"మానేస్తే నీకేం పోయింది? నీ మట్టేగా మిగిలేది?"

శ్రీవాణి గట్టు మీద చతికిలబడింది. నైటీ బురదలో పడినా చూసుకోలేదు. "మా పుట్టింట్లో ముగ్గురం ఆడపిల్లలవండి. మా అక్క అందగత్తె, మా చెల్లి చదువరి. నా వంక చూసినవాళ్ళు లేరు. ఇక్కడికొస్తే ఈయన కువైట్ వెళ్ళిపోయేరు. ఫోన్లో బాగున్నావా అంటారు, బాగున్నానంటాను, అయిపోద్ది. మేడ కట్టించేను, ఎవరు చూసేరు? కొత్త చీర కట్టుకుంటే కొస దాకా చూసేది మీరొక్కరేనండి. చూసి మూతి తిప్పుకునేవారు. ఆ రోజంతా నాకు హాయిగా ఉండేది. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఒకరున్నారు కదా అని."

బంగారమ్మ మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఈ చేను కూడా అందుకేనండి. ఆ రోజు మీరు దీని వంక చూసిన చూపు చూసే కోరుకున్నాను. తట్ట మోసుకెళ్తూ మధ్యలో ఒకసారి మేడ వంక కోపంగా చూసేవారు చూడండి, దానికోసమే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. మీకు జొరమొచ్చి రాని రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు."

ఓరి భగవంతుడా! ఇన్నేళ్ళు తను రగిలింది, మాడింది, నిద్ర పోగొట్టుకుంది. ఆ మంట దగ్గర కూర్చుని ఈవిడ చలి కాచుకుందా! కుళ్ళు ఒక్కటే తన సొంతం అనుకుంది. అదీ దీనికే పనికొచ్చింది. బంగారమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుని, తట్ట విసిరి నేలకి కొట్టి అంది, "అయితే విను. ఈ మూల పూడ్చేదాకా వస్తాను, పోతాను. ఇహ నిన్ను చూసి కుళ్ళుకోను. నీ వంకే చూడను. పో!"

"అలా అనకండి అక్కయ్యగారూ," అంది శ్రీవాణి. ఆ గొంతులో భయం విని బంగారమ్మకి కాస్త తృప్తి కలిగింది. అబద్ధమెందుకు, కాస్త కాదు, చాలానే కలిగింది.

అన్నంత పనీ చేసింది. పొద్దున్నే వచ్చేది, మట్టి పోసేది, సర్దేది, వెళ్ళిపోయేది. శ్రీవాణి గట్టు మీదికొచ్చి నిలబడితే అక్కడ తాడిమొద్దు ఉన్నట్టు పక్కనుంచి పోయేది. "కాఫీ తెచ్చేనండి," అంటే వినపడనట్టే. "మూల బాగా లేచిందండి," అన్నా అంతే. ఒకనాడు శ్రీవాణి తనే ఒక తట్ట తెచ్చుకుని మోయబోయింది. బంగారమ్మ ఆ తట్ట లాక్కుని గట్టు అవతలికి గిరాటేసింది. మొహం మటుకు చూడలేదు.

మూల పూర్తయ్యే రోజు వచ్చింది. ఆఖరి తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతూంటే, బురదలో ఎర్రటి జరీ అంచు తడుస్తూ కనపడింది బంగారమ్మకి. తెల్లారి ఇంకా ఎండ కూడా పడలేదు. చేలో ఊడ్చేవాళ్ళు పాతచీరలు ఎగ్గట్టుకునే చోట, శ్రీవాణి పెళ్ళికి వెళ్తున్నట్టు కొత్త పట్టుచీర కట్టుకుని, మెళ్ళో ఉన్నవన్నీ వేసుకుని, కాళ్ళు పిక్కల దాకా బురదలో దిగబడి నిలబడి ఉంది. పరీక్ష రాసి ఫలితం కోసం చూసే పిల్లలా చూస్తోంది.

బంగారమ్మ తట్ట దించి మట్టి మూలని పోసింది. చేత్తో సర్దింది. ఇక వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోదామనే లేచింది. లేచి, తలెత్తింది. ఆ చీరని అంచు నుంచి కొంగు దాకా తీరిగ్గా చూసింది. వంగపండు రంగు. తను ఎన్నాళ్ళ నుంచో కట్టుకోవాలనుకుంటున్న రంగు, ఇన్నాళ్ళూ దొరకని రంగు. కడుపులో మంట నిజంగానే భగ్గుమంది. నటించాల్సిన పనే లేకపోయింది.

"ఎక్కడ కొన్నావే ఇది?" అంది.

"అమలాపురంలోనండి."

బంగారమ్మ మూతి గట్టిగా పక్కకి తిప్పుకుని గట్టు దిగింది. వెనక శ్రీవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వడం ఆవిడకి వినపడుతూనే ఉంది.